నేను విడిచిన పేరు

నేను పెట్టుకున్న పేరు ఏదో ఈడ రాయను. రాస్తే, ఎందుకు పెట్టుకున్నావు, దానికి అర్థమేంది అని మళ్లా మొదలుపెడతారు. ఆ ప్రశ్నలు పడలేకే కదా నేను పేరు మార్చుకునింది. పుట్టినప్పుడు పెట్టిన పేరు కూడా రాయను. రెండు పేర్లూ చెప్పకుండానే జరిగిందంతా చెప్పొచ్చు. పేరు లేకుండా పేరు గురించి ఏం రాస్తుందిలే ఈమె అనుకుంటే మీ ఇష్టం.

మాది పెనుకొండకు దగ్గర పల్లె. వాన పడితే వేరుశనగ, పడకపోతే కూలి. నాకు ముందు మా అమ్మకు ఇద్దరు పుట్టినారు. ఇద్దరూ పాలు మరవకముందే పోయినారు. మూడో కాన్పుకు నేను కడుపులో పడినంక, మా నాయనను కన్న తల్లి, నేను అవ్వా అని పిలిచే మనిషి, పెనుకొండ దర్గాకు నడిచిపోయి మొక్కుకునింది. బిడ్డ బతికితే ఆడైనా మగైనా నీ పేరే పెడతానని ఆడ సమాధైన బాబాకు మాటిచ్చింది. నేను బతికినా. నెల నిండినంక నన్ను తీసుకపోయి దర్గా గడప మీద పండబెడితే, ఆ దర్గాను చూసుకునే ముజావరు ఎత్తి అవ్వ ఒడిలో పెట్టినాడంట. అంటే నేను మా ఇంటి బిడ్డను కాదు, బాబా ఇచ్చిన బిడ్డను. బాబా పేరుకు చివర ఒక అమ్మ తగిలించి నాకు పెట్టినారు.

మా పక్క ఇది వింతేమీ కాదు. మా ఊర్లో ఆ పేరు గట్టిగా పిలిస్తే పై వీధిలో ఒక ముసలాయన, కింది వీధిలో ఒక పడుచాయన, మా ఇంట్లో నేను పలికేవాళ్లం. ముగ్గురిలో ఎవరమూ తురకలం కాదు. శనివారం ఉపవాసం ఉండే ఇండ్లలోనే ఆ పేర్లు. ఏటేటా దర్గాలో ఉరుసు వచ్చినప్పుడు అందరూ కలిసి బండి కట్టుకొని పోయి, చక్కెర చదివించుకొని వచ్చేవాళ్లం. ముజావరు ఫాతిహా చదివి ఇచ్చిన చక్కెర మొదట నా నోట్లోనే పెట్టేది అవ్వ. బాబా పేరుండేది నాకు కాబట్టి.

అవ్వకు మాత్రం అది అందరి పేర్ల మాదిరి పేరు కాదు. ఆమె లెక్క ఆమెకుండేది. ఇచ్చినాయన తన పేరు పెట్టి ఇచ్చినాడు. ఆ పేరును మర్యాదగా పెట్టుకొని ఉన్నంత కాలం మన జోలికి రాడు. వద్దని పారేస్తే, సరే మీకు అక్కరలేదు కదా అని ఇచ్చింది తిరిగి అడుగుతాడు. అడిగేటప్పుడు ఆ పేరు పెట్టే పిలుస్తాడు. ముందు పోయిన ఇద్దరికీ ఆ పేరు లేదు, నాకు ఉండాది, అందుకే నేను ఉండాను. ఈ లెక్క నేను నడక నేర్చినప్పటి నుంచి వింటానే ఉన్నా. చిన్నప్పుడు భయమయ్యేది. పెద్దయినంక విసుగు పుట్టింది.

పెనుకొండలో ఇంటర్ అయినంక డిగ్రీకి హిందూపురంలో చేరినా. పొద్దున ప్యాసింజరులో పోయి సాయంత్రం ప్యాసింజరులో వచ్చేదాన్ని. బండి నిండా చింతపండు బుట్టలు, బెల్లం అంగళ్లకు పోయేవాళ్లు, సగం మంది తెలుగు, సగం మంది కన్నడం. వాళ్లలో ఎవరికీ నా పేరుతో పని పడలేదు. పని పడింది కాలేజీలోనే. మా లెక్చరర్లలో చానామంది కోస్తా నుంచి వచ్చినవాళ్లు. మా దిక్కు పేర్ల సంగతి వాళ్లకు తెలీదు.

మొదటి రోజు అటెండెన్సు తీసుకుంటా, నా పేరు కాడికి వచ్చి ఒకాయన ఆగినాడు. తల ఎత్తి నన్ను చూసినాడు. నా నుదుట బొట్టు ఉండాది. మళ్లా రిజిస్టరు చూసినాడు. నువ్వు ముస్లిమువా అని అడిగినాడు. కాదు సార్ అన్నా. మరి ఈ పేరేంది అన్నాడు. ఇంక చెప్పాల. ఎక్కడి నుంచి ఎత్తుకోవాల? మా అమ్మకు పుట్టి పోయిన ఇద్దరు పసికందుల కాడి నుంచి ఎత్తుకోవాల. కొత్త కాలేజీ, కొత్త క్లాసు, మగపిల్లోళ్లు వెనక బెంచీల నిండా, వాళ్ల ముందర లేచి నిలబడి మా ఇంట్లో సావుల గురించి చెప్పినా. ఆయన అయ్యో పాపం అని కూర్చోమన్నాడు. తర్వాత గంటకు ఇంకొకాయన వచ్చినాడు. మళ్లా అదే.

ఆ సంవత్సరమంతా అదే పని. లైబ్రరీలో అడిగినారు, స్కాలర్‌షిప్ కాడ అడిగినారు, ఆఖరికి నీళ్లు పోసే ఆయమ్మ కూడా అడిగింది. కొందరు జాలిపడినారు, కొందరు నవ్వినారు. అందరికంటే ఎక్కువ ఒళ్లు మండించింది మా ప్రిన్సిపాలు. హిందువులు ముస్లిములు అన్నదమ్ముల మాదిరి ఉండాలని చెప్పేదానికి ఒక మీటింగు పెట్టి, నన్ను స్టేజీ ఎక్కించి, ఈ అమ్మాయి పేరే మనకు పాఠమని చెప్పి చప్పట్లు కొట్టించినాడు. మెడలో దండ ఒకటి. సంతలో ఎద్దును నిలబెట్టి చూపించినట్టే ఉండింది నాకు. ఆ రోజు బండిలో ఇంటికొస్తా ఆ దండను కిటికీలో నుంచి పారేసినా.

నా పక్కన కూర్చునే అమ్మాయి ముస్లిమే. వాళ్ల నాయనకు హిందూపురం బజారులో టైలరు అంగడి. నా అవస్థ చూసి ఆమెకు నవ్వాగేది కాదు. నీ పేరు కంటే నా పేరే నయం, నన్నెవరూ ఎందుకని అడగరు అనేది. ఆమె తమాషాకు అన్నా, మాట నిజమే. నాకు ఆ పేరు మీద కోపం లేదు. బాబా మీద అసలు లేదు. పేరు చెప్పిన ప్రతిసారీ దాని వెనక కథ చెప్పాల్సి రావడం మీదే కోపం. కథ లేని పేరు ఒకటి కావాలనిపించింది. పిలిస్తే పలికి, గమ్మున కూర్చునే పేరు.

దొరికింది కూడా అట్లే. కొత్తచెరువు బస్సులో పోతాంటే ముందు సీటులో ఒక తల్లి తన పాపను పిలిచింది. చిన్న పేరు, నోటికి ఇట్టే తిరిగే పేరు. ఆ పాప పలికి, వచ్చి తల్లి ఒడిలో కూర్చునింది. బస్సులో ఒక్కరు కూడా తల తిప్పి చూడలేదు. ఆ పేరు నాకు కావాలనుకున్నా. దేవుని పేరా, పువ్వు పేరా అని కూడా నేను చూసుకోలేదు.

రెండో సంవత్సరం మొదట్లో ఇంగ్లీషు చెప్పే మేడమ్ దగ్గరికి పోయి, నన్ను ఇంకమీదట ఈ పేరుతో పిలవండి మేడమ్ అని అడిగినా. ఆమె ఎందుకని అడగలేదు. నాకు కాళ్లకు మొక్కాలనిపించింది. రిజిస్టరులో నా పేరు పక్కన పెన్సిలుతో కొత్త పేరు రాసుకునింది. ఆమెను చూసి ఇంకిద్దరు రాసుకున్నారు. లైబ్రరీ కార్డు నింపేటప్పుడు నేనే కొత్త పేరు నింపినా, వాళ్లు స్టాంపు వేసి ఇచ్చినారు. ఆ ఏడు ఐడెంటిటీ కార్డు కూడా అదే పేరుతో వచ్చింది. క్లాసులో పేరు పిలిస్తే ప్రెజెంట్ మేడమ్ అని కూర్చునేదాన్ని. ఇంకేమీ లేదు. ఒక మనిషికి అది ఎంత సుఖమో, మొదటి నుంచి అట్లే బతికినోళ్లకు తెలీదు. నాకు బండిలో కూడా ఊరికే నవ్వొచ్చేది.

కాలేజీలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు. సాయంత్రం ఇంటికొస్తే అవ్వ పాత పేరుతో పిలిచేది, పలికేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. బాగానే జరిగిపోతాంది అనుకున్నా. అంతలో యూనివర్సిటీ పరీక్షలు వచ్చినాయి.

పరీక్షకు మేము కట్టే అప్లికేషన్లో పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్న పేరే ఉండాల. హాల్ టికెట్ ఆ పేరుతోనే యూనివర్సిటీ నుంచి వస్తుంది. నాకు ఆ సంగతి తెలుసు, పట్టించుకోలేదు. మొదటి పరీక్ష రోజు వేరే కాలేజీ నుంచి వచ్చిన ఇన్విజిలేటరు హాల్ టికెట్టూ ఐడెంటిటీ కార్డూ పక్కపక్కన పెట్టి చూసినాడు. ఒకటి బాబా పేరు, ఇంకొకటి ఎవరిదో పేరు. ఎవరి పరీక్ష రాస్తాండావమ్మా అన్నాడు. నాదే సార్ అన్నా. రాసిన కాగితం నా చేతిలో నుంచి తీసుకొని, నన్ను గోడ కాడ నిలబెట్టినాడు. హాలులో అందరూ రాస్తా ఉండారు, నేను నిలబడి ఉండా. ఇంగ్లీషు మేడమ్‌ను ఎవరో పిలుచుకొస్తే, ఆమె వచ్చి ఇద్దరూ ఒకరేనని సంతకం పెట్టి ఇచ్చినంక కాగితం నా చేతికి వచ్చింది. ఆ పేపరు గట్టెక్కినా గానీ, తల కొట్టేసినట్టయింది.

పరీక్షలైనంక మా కాలేజీ హెడ్ క్లర్కు నన్ను పిలిచి కూర్చోబెట్టి చెప్పినాడు. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దమ్మా అన్నాడు. పాత పేరుతోనే ఉండు, లేదా కొత్త పేరు చట్టప్రకారం మార్పించుకో. కోర్టు కాడ అఫిడవిట్, పత్రికలో ప్రకటన, మీ నాయన సంతకం, ఇవన్నీ తెస్తే నేను యూనివర్సిటీకి పంపిస్తా. ఆఖరి సంవత్సరం అప్లికేషన్లు కట్టేలోపల తేవాల. లేకుంటే డిగ్రీ కాగితం మీద పాత పేరే పడుతుంది, మళ్లా దాన్ని మార్చాలంటే నీ తల ప్రాణం తోకకొస్తుంది అన్నాడు. ఆయన చెప్పింది న్యాయమే. తేల్చుకోవాల్సింది ఇంట్లోనే.

నాయనకు చెప్పినా. నాయన బీడీ ముట్టించుకొని, నాదేముంది పాపా, అవ్వనడుగు అన్నాడు. అమ్మను అడిగితే, పేరు మారిస్తే ఏమవుతుందిలే అనింది గానీ, ఆ మాట అంటా నా ముఖం చూడలేదు. అవ్వ ఇంతెత్తున లేస్తుందనుకున్నా. లేవలేదు. చేటలో గింజలు ఏరతా ఉన్నది ఆపి, లోపలికి పోయి గోడ దిక్కు తిరిగి పండుకునింది. ఆ పూట కూడు ముట్టలేదు.

మరుసటి రోజు నేనే కదిలించినా. ఊరుకునే రకం కాదు నేను. బాబాకు యూనివర్సిటీ రికార్డులు చూసేంత తీరిక ఉండదు అవ్వా అన్నా. నేను బతికింది పేరు వల్ల కాదు, అమ్మ ఆ కాన్పుకు పెనుకొండ ఆస్పత్రికి పోయినందువల్ల అన్నా. నన్ను స్టేజీ ఎక్కించి దండ వేసిన సంగతి, గోడ కాడ నిలబెట్టిన సంగతి అంతా చెప్పినా. ఆమె అంతా వినింది. విని ఒక్కటే మాట అనింది.

"నీకు నవ్వులాటగా ఉండాది. ఆ ఇద్దరినీ గుంతలో పెట్టి మన్ను పోసింది నువ్వు కాదు, నేను."

ఆ మాటకు నాకు కోపం ఇంకా ఎక్కువైంది. నేను సచ్చేదీ లేదు, పేరు మార్చుకోకుండా ఉండేదీ లేదు అని చెప్పి బయటికి వచ్చేసినా. ఇద్దరం మొండిఘటాలమే. ఇంట్లో చాన్నాళ్లు మాటల్లేవు. ఆమె నన్ను పాత పేరుతో పిలుస్తుంది, నేను పలకను. పలకకపోతే ఆమె ముఖం తెల్లగా పాలిపోయేది. నాకది కనిపించేది, అయినా పలికేదాన్ని కాదు.

మధ్యలో నలిగింది నాయన. ఒక గురువారం ఇద్దరినీ బయల్దేరదీసి పెనుకొండ దర్గాకు తీసుకపోయినాడు. తగవు తెగేది యాడన్నా ఉంటే ఆడనే అన్నాడు. ముజావరు ముసలాయన, నన్ను గడప మీద నుంచి ఎత్తిన మనిషే. నాయన సంగతంతా చెప్పినాడు. ముజావరు విని, ఇది ఇచ్చింది తిరిగి తీసుకునే ఇల్లు కాదు, పిల్ల ఏ పేరు పెట్టుకున్నా బాబాకు కోపం రాదు అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే మొక్కు కట్టింది పెద్దామె కాబట్టి, ఆమె తన నోటితో చెప్పి విడిపించుకుంటే ఆమె మనసుకు కూడా బాగుంటుంది అన్నాడు.

అవ్వ గడప కాడ కూర్చునింది. జనం వస్తా ఉండారు, పోతా ఉండారు, ఆమె కదల్లేదు. ఎండ మెట్ల మీద నుంచి ఆమె కాళ్ల మీదికి వచ్చింది. నాయన రెండు మూడు మార్లు పోదాం పామ్మా అన్నాడు. ఆఖరికి లేచి ముజావరును పక్కకు పిలిచి ఏదో చెప్పింది. మాకు వినబడలేదు. ఆయన వద్దు వద్దన్నట్టు తల ఊపినాడు. ఆమె చెప్తానే ఉండాది. కాసేపటికి ఆయన ఊరుకొని, చక్కెర ముందర పెట్టుకొని ఫాతిహా చదివి ఆమె చేతిలో పెట్టినాడు. ఎప్పుడూ నాకు పెట్టే ఆ చక్కెరను అవ్వ ఆ రోజు తన నోట్లో వేసుకునింది. మిగిలింది కొంగున కట్టుకొని, పోండి, యాడ సంతకాలు పెట్టాల్నో పెట్టుకోండి అనింది. నాకు చక్కెర పెట్టకపోవడం కోపమనుకున్నా. పెట్టకపోతే పాయె అనుకున్నా.

దర్గా కాడి నుంచి నేరుగా కోర్టు కాడికే పోయినాం. అవ్వ బయట చెట్టు నీడ లేని ఎండలో, ఒక స్టాంపు వెండరు గొడుగు కింద కూర్చునింది. లోపల వకీలు గుమాస్తా టైపు కొట్టినాడు, నాయన సంతకం పెట్టినాడు, నేను పెట్టినా. పత్రికలో చిన్న ప్రకటన వచ్చింది. అన్నీ తీసుకపోయి హెడ్ క్లర్కు చేతిలో పెడితే యూనివర్సిటీకి పంపినాడు. కొన్ని నెలలకు ఆడ నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన నన్ను ఎదురుగా నిలబెట్టుకొని, అడ్మిషన్ రిజిస్టరులో పాత పేరు మీద ఎర్ర సిరాతో గీత కొట్టి, పైన కొత్త పేరు రాసినాడు. చాలా సంతోషమైంది. దాచుకునేదేముంది, ఆ గీతను చూసే నాకు సంతోషమైంది.

ఇంతలో ఇంట్లో ఇంకొకటి మొదలైంది. దర్గా నుంచి వచ్చినప్పటి నుంచి అవ్వ తన పేరు పెట్టి పిలిస్తే పలకడం మానేసింది. ఆమెకు వాళ్ల నాయన పెట్టిన మంచి పేరు ఒకటి ఉండేది. పక్కింటామె ఆ పేరుతో పిలిస్తే తల కూడా తిప్పలేదు. చెవుడు వచ్చిందేమో అనుకున్నారు. చెవుడు కాదు. ఆ పేరు ఇప్పుడు నాది కాదు, నన్ను ఇట్ల పిలవండి అని, నేను విడిచిన బాబా పేరు చెప్పిందంట. ఊరంతా ఒకటే నవ్వు. మనమరాలు పారేసింది, ముసల్ది ఏరుకునింది అని రచ్చబండ కాడ చెప్పుకున్నారు. మొదట తమాషాకు అట్ల పిలిచినారు. ఆమె ప్రతిసారీ పలికేది. కొన్నాళ్లకు తమాషా పోయి, పేరు నిలిచింది.

ఓటర్ల లిస్టు రాసుకునేదానికి బడి అయివారు వస్తే ఆయనకూ అదే చెప్పింది. నాయన అడ్డం పోయి, కాదు సార్, మా అమ్మ పేరు ఇది అని చెప్పబోతే, నా పేరు నాకు తెలీదా అని నోరు మూయించింది. అయివారు ఆమె చెప్పిందే రాసుకున్నాడు. తర్వాత రేషను కార్డులో అదే, ముసలోళ్ల పింఛనులో అదే. నాకు కోర్టు కాగితం కావాల్సొచ్చింది, పత్రికలో ప్రకటన కావాల్సొచ్చింది, నాయన సంతకం కావాల్సొచ్చింది. ఆమెకు నోటిమాట సరిపోయింది. ఒళ్లు మండకుండా ఎట్ల ఉంటుంది? నన్ను ఎగతాళి చేసేదానికే చేస్తాండావు కదా అని అడిగినా. నీకు చాలని చీర నేను కట్టుకుంటే నీకేం నొప్పి అనింది.

డిగ్రీ కాగితం నేను పెట్టుకున్న పేరుతో వచ్చింది. బీఈడీ చేసి, ఎనభైలు మొదలైనంక ధర్మవరంలో టీచరుగా చేరినా. మగ్గాలోళ్ల వీధిలో ఒక గది తీసుకున్నా. పొద్దున లేస్తే రెండు పక్కలా మగ్గాల చప్పుడే. ఉద్యోగం రికార్డుల్లో కూడా కొత్త పేరే పడింది. నా పాత పేరు తెలిసినోళ్లు ఆ ఊర్లో ఒక్కరు లేరు. హాయిగా ఉన్నా.

అవ్వ అప్పుడప్పుడు వచ్చి నా గదిలో నాలుగు దినాలు ఉండి పోయేది. నన్ను పాపా అని పిలిచేది. వచ్చినప్పుడు మా బడి టీచర్లు ఎవరైనా వస్తే, నీ పేరేందవ్వా అని అడుగుతారు కదా. బాబా పేరు చెప్పేది. వాళ్లు ఆమె నుదుటి విబూది చూసి, నన్ను చూసి, మీ అవ్వ ముస్లిమా టీచర్ అని అడిగేవాళ్లు. ఇంక చెప్పాల. ఏ కథ చెప్పలేక పేరు విడిచినానో, అదే కథ తిరిగి నా నెత్తికే వచ్చింది. ఆమె ఎదురుగా కూర్చొని వక్కాకు నములుకుంటా వినేది. నాకు కడుపు మండేది, ఒక్కోసారి నవ్వు కూడా వచ్చేది.

తర్వాత ఒక వేసవిలో అవ్వకు ఊపిరాడటం కష్టమైంది. కాళ్లు వాచినాయి. పెనుకొండలో సూదులు వేసినా తగ్గలేదు. నాయన పొద్దున ప్యాసింజరులో ధర్మవరం పిలుచుకొచ్చినాడు. స్టేషను నుంచి రిక్షాలో సర్కారు ఆస్పత్రికి పోయినాం. చీటీ రాసే కిటికీకి ఎదురుగా బెంచీ మీద అవ్వను కూర్చోబెట్టి, నాయన ఆమె వీపుకు చెయ్యి ఆనించి పట్టుకున్నాడు. నేను లైనులో నిలబడి కిటికీ కాడికి పోయినా. పేషెంటు పేరు అని అడిగినాడు లోపలాయన. ఆస్పత్రిలో అయినా సరైన పేరు ఉండాలనిపించి, అవ్వకు వాళ్ల నాయన పెట్టిన పేరు చెప్పినా. ఆయన రాసి చీటీ ఇచ్చినాడు.

బెంచీ కాడికి వచ్చేసరికి అవ్వ నా చెయ్యి పట్టుకునింది. కిటికీలో నేను చెప్పింది ఆమెకు వినబడింది. ఆ పేరెందుకు రాయించినావు, మార్పించు అనింది. ఈ ఒక్క రోజు పోనీలే అవ్వా, డాక్టరుకు ఏ పేరైతే ఏమి అన్నా. ఆమె చెయ్యి వదల్లేదు. మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకుంటా చెప్పింది.

"నాకు పిలుపొచ్చింది పాపా. ఆయన ఆ పేరు పెట్టే పిలుస్తాడు. నీ బదులు పలికేదానికే కదా నేను దాన్ని పెట్టుకునింది. ఆ పొద్దు దర్గాలో ఆయనకు చెప్పుకునిందీ అదే. ఈడ ఇంకో పేరుంటే, మరి ఆ పేరు ఎవరిదని వెతుక్కుంటా నీ కాడికి వస్తాడు. పో, మార్పించుకొని రా."

నాయన తల పక్కకు తిప్పుకున్నాడు. ఆయనకూ అప్పుడే తెలిసిందని ఆయన ముఖం చూస్తే అర్థమైంది. ఎగతాళి అనుకున్నా నేను. ఊరంతా నవ్వుతాంటే ఎవరు పిలిచినా ఆమె పలుకుతా, అన్ని ఏండ్లూ ఆ పిలుపు కోసమే కాచుకొని ఉండిందని నాకెట్ల తెలుస్తుంది? చెప్పి ఉంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. అందుకే చెప్పలేదు. ఇట్లాంటివి నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అయినా ఆ బెంచీ కాడ నాకు ఏడుపు ఆగలేదు.

కిటికీ కాడికి తిరిగిపోయి, పేరు తప్పు పడింది, మార్చండి అన్నా. సరైన పేరు చెప్పమన్నాడు. చెప్పినా. కాలేజీ విడిచినప్పటి నుంచి ఆ పేరు నా నోటితో నేను పలకలేదు. ఆయన ఎందుకని అడగలేదు, కాగితాలూ అడగలేదు. ముందు రాసింది కొట్టేసి ఇది రాసి ఇచ్చినాడు. చీటీ తెచ్చి చూపిస్తే, చదువు రాని అవ్వ దాన్ని చేతిలోకి తీసుకొని, మడిచి, కొంగున కట్టుకునింది.

వార్డులో మంచం ఇచ్చినారు. ఆమె మంచం పక్కన నేల మీద చాప వేసుకొని నేను ఉన్నా. బాగా తెల్లవారినంక నాయన కాఫీ తెచ్చేదానికి బయటికి పోయినాడు. నర్సు మాత్రల ట్రే పట్టుకొని, ఒక్కో మంచం కాడ పేరు పిలుచుకుంటా వచ్చింది. మా మంచం కాడికి వచ్చి ఆ పేరు పిలిచింది. అవ్వ పలకలేదు. కండ్లు మూసుకొనే ఉండాది. నర్సు రొవ్వంత గట్టిగా మళ్లా పిలిచింది. చిన్నప్పటి అలవాటు, ఆఁ అని పలుకు నా నోటి దాకా వచ్చింది. పెదవులు బిగబట్టుకొని, అవ్వ చెయ్యి పట్టుకొని, గమ్మున కూర్చున్నా.